ధర్మవరంలో కదిలే ఇల్లు

బెంగళూరు,
4-6-2007

చిన్నాయనకు నమస్కారాలు.

మగ్గం చప్పుడుకు మీ చెవి మందగించింది కాబట్టి ఫోన్లో అరవడం మాని ఉత్తరం రాస్తున్నాను. మీ ఇంట్లో నేను పెట్టొచ్చిన కంప్యూటర్ బాగానే నడుస్తోంది. మీ చీరల అంచుల డిజైన్లన్నీ అందులో ఉన్నాయి. మైసూరులో చీరల షాపు నడిపే ప్రసూన గారు తన షాపు నుంచే వాటిని చూసి, నచ్చితే నేయిస్తానన్నారు.

ఒకటే చిక్కు. మీ దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అడ్రసు మారిపోతోంది. నిన్న ఆమె వెతికితే మీరు దొరకలేదు.

మీ
అరుణజ్యోతి

తా.క. మగ్గం విప్పి అమ్మేస్తానన్న మాట ఈ నెలకు ఆపండి.

ధర్మవరం,
9-6-2007

చిరంజీవి జ్యోతికి చిన్నాయన ఈశ్వరప్ప దీవెనలు.

ఇక్కడ వాన లేదు. కరెంటూ వానను చూసి నేర్చుకుంది. కానీ ముప్పై ఏండ్లుగా నాది ఇదే గడప. పోస్ట్‌మ్యాన్ నల్లప్పను నిలదీశాను. "ఏమప్పా, కరెంటు పోతే నా ఇల్లు యాడికి పోతాండాది?" అన్నాను. "కండ్లు మూసుకోని వచ్చినా నీ ఇల్లు కనుక్కుంటానన్నా. నా మింద చాడీలు చెప్పిందెవరు?" అని అలిగి పోయినాడు.

నా ఇల్లు కదలలేదని సర్టిఫికెట్ ఇమ్మని మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి అడిగాను. గుమాస్తా మంచినీళ్లిచ్చి, "నీ ఎంబడి ఎవురన్నా వచ్చినారా?" అన్నాడు. చివరికి డోరు నంబరు మూడడుగుల ఎత్తున ఎర్రరంగుతో రాయించాను.

ఇట్లు
ఈశ్వరప్ప

తా.క. రంగు మిగిలింది. ఇంటర్నెట్టు పైనుంచి వస్తుందేమో, మిద్దె మీద కూడా రాయిద్దామా అని మీ చిన్నమ్మ ఆంజినమ్మ అడుగుతోంది.

బెంగళూరు,
14-6-2007

చిన్నాయనా, నమస్కారం.

మిద్దె ఎక్కవద్దు. మారేది ఇంటి నంబరు కాదు, కంప్యూటర్ నంబరు. లాడ్జీలో దిగినవాడికి ఆరోజు ఏ గది ఖాళీ ఉంటే అది ఇస్తారు కదా, ఇదీ అంతే. ఆ నంబరు ఎక్కడ కనబడుతుందో చిన్నమ్మకు తెలుసు. ఉపాయం ఆలోచిస్తున్నాను. అంతదాకా మీరేమీ చేయకండి.

జ్యోతి

తా.క. నల్లప్పను మంచి చేసుకోండి. ఈ ఉత్తరం తెచ్చేది ఆయనే.

ధర్మవరం,
25-6-2007

చిరంజీవి జ్యోతికి దీవెనలు.

ఊరికే కూర్చోలేకపోయాను. నంబరు మారినప్పుడల్లా ప్రసూన గారికి ఒక కార్డు రాశాను. ఇప్పటికి పదకొండు. కార్డు మైసూరు చేరేలోగా నంబరు మళ్లీ మారుతోంది. మొన్న ఆమె దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "అయ్యా, ఇవి మట్కా జూదం నంబర్లా? మాది పరువుగల షాపు" అని రాసింది.

తలకొట్టేసినట్టయింది. పొద్దున పోగు నడిపే నాడె చేతిలో పట్టుకొని, ఖాళీ మగ్గం ముందు చాలాసేపు కూర్చున్నాను. దీన్ని విప్పక తప్పేట్టు లేదమ్మా.

ఇట్లు
ఈశ్వరప్ప

తా.క. నల్లప్ప అలక మానినాడు. రోజూ వచ్చి, "చివరి రెండంకెలు ఏమొచ్చినాయన్నా?" అని నా చెవిలో అడుగుతాండాడు.

బెంగళూరు,
4-7-2007

చిన్నాయనా, నమస్కారం.

మొన్న ఆదివారం నేను వచ్చి ఏం చేశానో మీకు వినబడలేదు. అందుకే రాస్తున్నాను. నెట్‌లో మీకు ఎప్పటికీ మారని పేరు ఒకటి పెట్టించాను. ఇక నంబరు మారగానే, "నేనిప్పుడు ఈడ ఉండాను" అని మీ కంప్యూటరే అక్కడికి కబురు పెడుతుంది. వెతికేవాళ్లు ఆ పేరు కొడితే చాలు.

ప్రసూన గారు నిన్న చూశారు. మట్కా సంగతికి పడీపడీ నవ్వి, నెమలి అంచు దగ్గర ఆగిపోయారు. ఆరు చీరలు కావాలట.

జ్యోతి

తా.క. కార్డులు ఆపండి. నల్లప్ప ఇల్లు గుల్లవుతుంది.

ధర్మవరం,
20-11-2007

చిరంజీవి జ్యోతికి దీవెనలు.

నీ ఉత్తరాలు రెండు వెనక్కి వచ్చాయని మీ నాయన చెప్పాడు. తప్పు నాదే. రెండో మగ్గం కొని దించాము. దానికి చోటు చాలక, రైలు గేటు అవతల పెద్దిల్లు చూసుకొని పోయిన నెల మారిపోయాము. ఈసారి నిజంగానే అడ్రసు మారింది.

ఫోను లైను రాగానే కంప్యూటర్ ప్లగ్గు పెట్టాను. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రమే ప్రసూన గారు కొత్త కొంగు చూసి పన్నెండు చీరలు నేయమన్నారు. ఇల్లు మారిన సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు. కంప్యూటర్ చేసినట్టే నేనూ నీకు కబురు పెట్టి ఉండాల్సింది.

ఇట్లు
ఈశ్వరప్ప

తా.క. కొత్త ఇంటి నంబరు నాకింకా నోటికి రాలేదు. మీ చిన్నమ్మ దాన్ని కంప్యూటర్‌లో పెట్టింది. ఆడ చూసుకో.