చెల్లి మెడ మీది నలుపు

మంగళవారం రాత్రి

హైటెక్ సిటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే అమ్మ, అక్కడ పంచిన షుగర్ కరపత్రం తెచ్చి నాకిచ్చింది. తల్లికి షుగర్ ఉండి, పిల్లలు బరువు పెరిగితే ముప్పు ఎక్కువట. అమ్మకు షుగర్ ఉంది, చెల్లీ ఈమధ్య లావైంది. మెడ వెనక నల్లబడడం కూడా ఒక సూచన కావచ్చట.

చెల్లి మెడ మీది నలుపును రెండేళ్లుగా మురికనుకొని అమ్మ శనగపిండితో రుద్దుతోంది. స్నానం చెయ్యదని నేనూ దాన్ని ఎగతాళి చేశాను. ఆరోగ్యం ప్రజల హక్కని మీటింగుల్లో గొంతు చించుకునే నేను!

"రేపే దవాఖానకు పోదాం" అని అమ్మ మీద అరిచాను.

"పదిహేనేండ్ల పిల్లకు షుగర్ ఏందిరా? నీ నోట్ల మంచి మాట రాదా?"

మేమింకా వాదులాడుకుంటుండగానే చెల్లి బాత్రూంలోంచి వచ్చి, జడ పైకెత్తి నిలబడింది.

"అన్నా, గట్టిగ రుద్దిన. జర చూడు, పోయిందా?"

చర్మం కంది ఎర్రబడింది. నలుపు పోలేదు. పోయిందనే చెప్పాను...