జిరాఫీ మెడ, నా నడుము

మార్చి 2
పాతికేళ్ళ కిందట మా బావమరిది మాటిచ్చాడు: “నువ్వెత్తు బావా, అవతలి కొస నేను వదలను.” వదిలాడు. పుస్తకాల బీరువా బరువంతా నా నడుం మీద పడింది. ఆ నొప్పి మందులకీ, వ్యాయామాలకీ, కాపడాలకీ లొంగక, చివరికి ఆపరేషన్ దాకా తెచ్చింది. రెండు వెన్నుపూసల్ని స్క్రూలతో, కడ్డీలతో కలిపి బిగించారు. ఇవాళే ఇంటికొచ్చాను.

సర్జన్ మాట: “బిగించడం వరకే నా పని. అతుక్కోవాల్సింది మీ ఎముక. మూడు నెలలు వంగొద్దు, బరువులెత్తొద్దు, మెలి తిరగొద్దు.”

వంగను! పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ వంగనివాణ్ణి. నాకిదొక లెక్కా?

మార్చి 5
అద్భుతం! కళ్ళజోడు పడింది, వంగలేదు. మా ఆవిడ తీసింది. పెన్ను పడింది, వంగలేదు. మా ఆవిడ. చెప్పు జారింది. మా ఆవిడే. నా క్రమశిక్షణ చూస్తే నాకే ముచ్చటేసింది.

ఆవిడ మాత్రం, “మళ్ళీ కోయాల్సి వస్తే మీకు తోడుగా ఆ ఆస్పత్రి బల్ల మీద పడుకోవడం నావల్ల కాదండీ, ముందే చెబుతున్నా” అంది. పిరికిది.

మార్చి 11
బావమరిది పరామర్శకొచ్చాడు. చేతిలో యాపిల్స్, నోట్లో విజ్ఞానం.

“వెన్నెముకంటే విచిత్రం బావా! జిరాఫీ మెడలోనూ ఏడే ఎముకలు, మన మెడలోనూ ఏడే.”

“అంత మెడకి ఏడేమిట్రా, నీ తలకాయ!”

“తలకాయ కాదు బావా, మెడ.”

“ఈ ఇంట్లో చదివినవాణ్ణి నేను.”

“చదివే ఉంటావులే. మర్చిపోయుంటావు. వయసు కదా.”

వయసు! జంతుశాస్త్రం పుస్తకం కింది అరలోనే ఉంది. తీయమంటే మా ఆవిడ, “ఏడైతేనేం, డెబ్భై అయితేనేం? పడుకోండి” అంది. తమ్ముడి పక్షం!

మార్చి 12
తెల్లవార్లూ జిరాఫీలే.

ఆవిడ స్నానానికెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. మోకాలు వంచితే నడుం వంచినట్టా? చెయ్యందలేదు. కాస్త ఒరిగాను. ఒరగడం వేరు, వంగడం వేరు. పుస్తకం లావుది, లాగాను. లాగడం వేరు, ఎత్తడం వేరు. అక్షరాలు కనబడక వెలుతురు వైపు తిరిగాను.

కటుక్!

ఏడే. దిక్కుమాలిన జిరాఫీ.

మార్చి 14
ఎక్స్‌రే. ఒక స్క్రూ కదిలింది.

“ఏం చేశారు?” అన్నాడు సర్జన్.

“చదువుకున్నాను.”

“మూడు నెలలూ మళ్ళీ మొదటి నుంచి. అప్పటికీ అతుక్కోకపోతే మళ్ళీ కోయడమే.”

మా ఆవిడ ఇంటికొచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్ళే దుప్పటి ఉతికి ఆరేసింది. తిట్టినా బాగుండేది.

మార్చి 15
బావమరిది ఫోను. “ఎంతని తేలింది బావా?”

“ఇంకా చూడలేదు.”

మొదటి రోజు. వంగలేదు, ఎత్తలేదు, తిరగలేదు. ఈసారి ఖాయం! కళ్ళజోడు మాత్రం మంచం కింద పడింది. ఆవిణ్ణి పిలవడానికి నోరు రావడం లేదు.

వాడు చెప్పింది తప్పని తేలుంటే ఈ నొప్పి సగమే ఉండేది. నిజం చెప్పి మరీ నన్ను ముంచాడు. ఈ అవస్థకంతటికీ ఒక్కడే కారణం: మా బావమరిది.