పడవవాడి తల

ప్రియమైన ఒటీలియాకు,

నీ భర్త వెందెలీన్ రాయునది. లెవోచాలో నేను, పిల్లి, వంటింటి పొయ్యి ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నువ్వు కూడా ఆ కొండమీది ఆస్పత్రిలో దగ్గు తక్కువగా, ఆకలి ఎక్కువగా ఉన్నావని తలుస్తాను.

అడిగినవాటికి ముందు జవాబులు. క్యాబేజీ తరిగి జాడీలో ఊరేశాను. ఉప్పు నువ్వు రాసిన కొలతే. పైన బరువుకు పెట్టే రాయి కనిపించక పాత ఇస్త్రీపెట్టె పెట్టాను. ఉప్పునీళ్లకు ఇనుము తుప్పు పడుతుందని మర్నాడు గుర్తొచ్చి తీసేశాను. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాడికి ఆపాటి తెలియదా అంటావు. తెలుసు, కానీ వంటింట్లోకి వెళ్లేసరికి తెలిసినవి కూడా మరిచిపోతాను. మీ అమ్మ సమాధి దగ్గర గడ్డి పీకి, రాయి కడిగి వచ్చాను.

మన పజిల్‌లో ఆకాశం ముక్క నీ సముద్రంలో అంత చక్కగా ఎలా కుదిరిందని అడిగావు. నాకూ అదే పట్టుకుంది. ఫోనులో మాట్లాడితే నీకు దగ్గుతెర వస్తుందని మనం ఉత్తరాలకు దిగాం. ఉత్తరాలకు ఒక సాకు ఉండాలని ఆ వెయ్యి ముక్కల చిట్టి పజిల్‌ను చెరి సగం పంచుకున్నాం, పైన ఆకాశం నాకు, కింద సముద్రం, దాని మీద పడవవాడు నీకు. రెండూ బూడిదరంగు నీలమే కదా. ఎవరి వాటాలో ఎవరి ముక్కలు పడ్డాయో తెలియక వేసవంతా కవర్లలో పెట్టి అటూ ఇటూ పంపుకున్నాం. పోస్టాఫీసులో ఆ లావుపాటావిడ ఒకసారి కవరు ఊపి చూసి, "ఏముందయ్యా ఇందులో, గసగసాలా?" అంది. "కాదమ్మా, సముద్రం" అన్నాను. "మనూళ్లో సముద్రానికి స్టాంపు ఎంతో మరి" అంటూ తూకం వేసింది.

సంగతేమిటంటే, నా వాటా నీకు అప్పగించే ముందు గడియారాల భూతద్దం కింద ఒక్కొక్క ముక్కనూ కొలిచాను. ముక్క వెడల్పు నా చిటికెన వేలి గోరులో సగం లేదు. అయినా ప్రతి ముక్క బొడిపె వంపూ వేరు. వేరే అనుకున్నాను. నూట పదో ముక్క దగ్గర అనుమానం వచ్చింది, దాన్ని ఎక్కడో చూసినట్టుంది. వెతికితే పన్నెండో ముక్కకు అచ్చు కవల. అంటే కోసే అచ్చు మొత్తం బొమ్మకు ఒకటి కాదు, చిన్నది ఒకటి చేసి తిప్పి తిప్పి గుద్దారు. అందుకే ఆకాశంలో మేఘం పట్టే చోట నీ అల కూడా పట్టింది. అలా కుదిరిపోయిన ముక్క తప్పని చెప్పేది రంగు ఒకటే. ఇది కనిపెట్టిన రోజు నీకు చెప్పాలని ఎంత తహతహలాడానో. పిల్లికి చెప్తే అది లేచి వెళ్లిపోయింది.

ఇంకో వింత. అరగంట పట్టకారుతో ముక్కలు పట్టి తలెత్తితే ఇల్లు పెద్దదైపోయి కనిపిస్తుంది. కుర్చీ ఏనుగంత ఉంటుంది. రొట్టె రజను చూసినా ఇది ఏ వరుసది అనిపిస్తుంది. ఒకరోజు నిజంగానే రొట్టెముక్కను మేఘంలో ఇరికించబోయాను. ఊలు స్వెట్టరు చేతికి అంటుకుని ఒక ముక్క పోస్టాఫీసు దాకా షికారు వచ్చింది. అప్పటినుంచి పజిల్ ముందు నూలు చొక్కా తప్ప తొడగలేదు. నాకే ఇన్ని తిప్పలుంటే దగ్గేవాళ్ల గదిలో నీకెలా ఉందో ఊహించగలను. ముక్కలు ఎగిరిపోకుండా, ఎవరికి దగ్గొచ్చినా ముందు తల కిటికీ వైపు తిప్పాలని నువ్వు చట్టం చేశావట. ఆ చట్టం అందరికంటే ఎక్కువ పాటించింది నీ పక్క మంచం జోఫియా గారేనని నువ్వే రాశావు. దగ్గు ఆపుకోలేక దుప్పట్లో తల దూర్చుకునేదట. నీ మంచం దగ్గరికి సూపు గిన్నె మోసింది కూడా ఆవిడే.

ఇప్పుడు నీ ఆఖరి ఉత్తరం సంగతి. దాన్ని మూడుసార్లు చదివాను. కనిపించకుండా పోయిన పడవవాడి తల ముక్క గురించి నువ్వు జోఫియా గారితో అన్న మాటలు గర్వంగా రాశావు. "నువ్వు దగ్గినప్పుడే పోయింది. పోయిందని నీకు తెలుసు. తెలిసీ ఊడ్చేసి నోరు మూసుకున్నావ్" అన్నావట. ఆవిడ "నీ ముక్క నేను చూడనైనా లేదు ఒటీలియా, మా అమ్మ తోడు" అంటే, "చచ్చిపోయినవాళ్ల మీద ఒట్లు ఎవరైనా వేస్తారు" అన్నావట. ఆవిడ పరుపు చుట్టుకుని వరండా చివరి గదిలోకి వెళ్లిపోయిందనీ, ఇప్పుడు ఒక్కతే తింటోందనీ, తగిన శాస్తి జరిగిందనీ రాశావు.

ఒటీ, ఇక నీళ్లు నమలను. పడవవాడి తల నా దగ్గరుంది.

ఆగస్టులో నువ్వు పంపిన కవరులోనే వచ్చింది, బొమ్మ వైపు కిందికి పడి ఉంది. తిప్పి చూస్తే పసుపు టోపీ, మీసం, వెనకాల రవ్వంత ఆకాశం. ఆకాశం చూసి పంపేశావు, తల గమనించలేదు. అప్పుడు దాచలేదు, మిగతావాటితో పాటు పక్కన పెట్టాను. దాచింది సెప్టెంబరు మొదటి ఆదివారం తర్వాత.

నేను నిన్ను చూడ్డానికి వచ్చిన ఆ ఆదివారం గుర్తుందా? డాక్టరమ్మ ముందు నువ్వు శపథం చేశావు. "ఈ బొమ్మ పూర్తయిన రోజు నా సంచి సర్దుకుంటాను. మీరు సంతకం పెడితే పెట్టండి, లేకపోతే లేదు. నవంబరు మొదట్లో సమాధుల పండక్కి మా అమ్మకు దీపం నేనే పెట్టాలి" అన్నావు. పట్టిన పట్టు విడిచేదానివి కావని ఆవిడకు తెలియదు, నాకు తెలుసు. నేను బస్సుకు బయల్దేరుతుంటే ఆవిడ వరండాలో ఆపింది.

"ఎలాగోలా నవంబరు ఆఖరి దాకా ఉంచండి. ఇప్పుడే దిగి చలిలో తిరిగితే మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి మొదటికొస్తే నేను మాటివ్వలేను" అంది.

"ఆవిడ నా మాట వినదమ్మా" అన్నాను.

"ముప్పై ఏళ్ల కాపురం కదండీ, ఏదో ఒకటి చెయ్యండి."

నేను చేసిన ఏదో ఒకటి ఇది. చివరి ముక్క పెట్టేది నేనంటే నేనని ఇంట్లో ప్రతి పజిల్‌కూ ఒక ముక్క జేబులో దాచుకోవడం మనిద్దరికీ ఉన్న పాత దురలవాటే. అక్టోబరులో నీ గదిలో రెండు సగాలూ కలిపినప్పుడు తల లేని పడవవాడిని చూసి నువ్వు నన్నే మొదట అనుమానించావు. "నిజం చెప్పు, జేబులో ఉందా?" అన్నావు. నేను జేబులు తిరగేసి చూపించాను. ముక్క పర్సులో ఉంది. ప్రమాణం కూడా చేశాను. ఆ తర్వాత నీతోపాటు మోకాళ్ల మీద మంచాల కింద వెతికాను. జోఫియా గారు కూడా వెతికింది, దుమ్ముకు దగ్గుతూనే. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. నేను అదీ చేయలేదు, అంత బాగా నటించాను.

పూర్తి కాకపోతే నువ్వు కదలవు, అంతవరకే ఆలోచించాను. పోయిన ముక్కకు నువ్వు ఒక దొంగను వెతుకుతావని తట్టలేదు. తట్టాల్సింది, నిన్ను ఎరిగినవాణ్ణి కదా. జోఫియా గారికి వచ్చే గురువారం ఆపరేషన్ అని నువ్వే రాశావు. చేయని దొంగతనం నెత్తిన పెట్టుకుని ఆవిడ కత్తి కిందికి వెళ్లకూడదు. అందుకే ఈ ఉత్తరం మామూలు పోస్టులో వేయడం లేదు, రేపు పొద్దున్న ఆస్పత్రికి వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తాను.

ఇందులో చిన్న కవరు ఒకటుంది. ముక్క అందులో ఉంది. ఆ కవరు మీద నీ పేరు లేదు, జోఫియా గారి పేరుంది. నా క్షమాపణ కూడా అందులోనే రాశాను. నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. ఇవ్వడం ఎంత కష్టమో తెలుసు, కానీ ఆ కష్టం తెచ్చినవాణ్ణి నేనని ఆవిడకు చెప్పు. నన్ను ఎన్ని తిట్టాలో అన్నీ ఆవిడ ముందే తిట్టు. ఆవిడ చేత్తో ఆ తల పెట్టించు.

పెట్టాక బొమ్మ పూర్తవుతుంది, నీ శపథం ప్రకారం సంచి సర్దుకోవచ్చు. నిన్ను ఆపడానికి నా దగ్గర దాచింది ఇంకేమీ లేదు. దొంగతనంగా ఆపడం సులువనిపించింది, నోరు తెరిచి అడగడం రాలేదు. ముప్పై ఏళ్లలో నిన్ను ఇది కావాలని ఎప్పుడైనా అడిగానా? ఇప్పుడు అడుగుతున్నాను. నవంబరు ఆఖరి దాకా ఉండు. మీ అమ్మకు దీపం నేను పెడతాను, నువ్వు పెట్టినంత సేపూ నిలబడతాను. నువ్వు లేని ఇంట్లో ఇంకో ఆరు వారాలు ఉండగలను ఒటీ. ఆ పైన ఉండలేను.

ఇట్లు,
జేబులు చూపించి పర్సు దాచిన నీ మొగుడు
వెందెలీన్