ఎదుటి స్టాపులో నవ్వు

ప్రియమైన అక్కకి,

బాబాయి ఇంట్లో బాగానే ఉన్నాను. వెనక్కి రమ్మని మాత్రం రాయకు. ఇక మన కళ్ళజోళ్ళ దుకాణం గడప తొక్కను. ఆ రోజు నువ్వు అక్కడ లేవు కాబట్టి నాన్న చెప్పిందే నమ్మి ఉంటావు.

కాలేజీకి వెళ్ళేటప్పుడు రోడ్డుకి అవతలి బస్‌స్టాపులో నిలబడే అమ్మాయి గురించి నీకొక్కదానికే చెప్పాను. రోజూ నన్ను చూసి నవ్వేది. ఆ నవ్వు కోసమే నాకు తెల్లవారేది. ఆ అమ్మాయే వాళ్ళమ్మతో దుకాణానికి వచ్చింది. బల్లకి ఇవతల నేను, అవతల తను. నా ముఖంలోకి చూసి, ఎవరో కొత్తవాణ్ణి అడిగినట్టు "ఇంకో రంగు ఉందా అండీ?" అంది. అండీ! చేతిలోని ఫ్రేముల ట్రే జారిపోయింది.

వాళ్ళు వెళ్ళాక ఏమైందిరా అని నాన్న అడిగితే, నాన్నే కదా అని అంతా చెప్పాను. ఆయన బేరానికి వచ్చినవాళ్ళందరి ముందూ "పిచ్చోడా, ఆ పిల్లకి చూపే ఆనదురా! కళ్ళు చిట్లిస్తే నవ్వనుకున్నావా?" అని పగలబడి నవ్వారు. నమ్మి చెప్పిన మాటని బజారున పెట్టారు. చచ్చినా మర్చిపోను.

మర్నాడు స్టాపులో తను మళ్ళీ కళ్ళు చిట్లించింది. ముఖం తిప్పుకున్నాను. ఆ సాయంత్రమే ఇక్కడికి వచ్చేశాను.

నీ తమ్ముడు


ఒరేయ్ కోపిష్టీ,

నాన్న మీద నీకెంత మంటో నాకు అంతకు రెట్టింపు. ఆ అమ్మాయి తెచ్చిన డాక్టరు చీటీని చూడకుండానే నా బల్ల మీద పడేసి జోకులేశారు. నువ్వూ చూడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ అద్దాల మధ్య పెరిగావే, అవి ఏ అద్దాలో అడగవా? చదువుకోవడానికి పెట్టుకునేవిరా! తనకి దగ్గరివే మసక. రోడ్డుకి అవతలివి శుభ్రంగా కనిపిస్తాయి. బల్ల దగ్గర నీ ముఖం ఆనలేదు గానీ, స్టాపులో నిన్ను చూసే నవ్వింది.

ఈ సంగతి చెప్పగానే నాన్న సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నారు. "వాణ్ణి రమ్మను. నేనే అడిగానని చెప్పు" అన్నారు. ఆయన తప్పు ఒప్పుకోవడం అంతవరకే, నీకు తెలుసుగా. క్షమిస్తావో లేదో నీ ఇష్టం. ఆ విషయంలో నేను నీ పక్షమే.

ఆ అమ్మాయి నిన్న వచ్చింది. అద్దాలు పెట్టుకుని, బల్ల మీదున్న మన ఫోటో చూసి, "ఇతను మీ తమ్ముడా?" అంది. అవునన్నాను. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"రోజూ నవ్వేవాడు. మొన్న నేను నవ్వితే ముఖం తిప్పేసుకున్నాడు. నేనేం చేశానని?"

చాలా కోపంగానే అడిగిందిరా. నువ్వైతే ఏం చెప్తావు?

అక్క