వర్షిత అడిగిన పాముచేప

జులై 6, 2022

వర్షిత పోయి పదకొండు రోజులు. చెరువు గట్టు మీద విస్తరిలో గారెలు, కోడికూర, నా బిడ్డకు ఇష్టమైనవన్నీ పెట్టాము. కాకులు చెట్టు మీదే కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. మూడో రోజు కూడా ముట్టలేదు. పిల్లకు ఏదో కోరిక మిగిలిందని అందరూ అన్నారు.

జులై 7

ఏం మిగిలిందో నాకు తెలుసు. మా ఆయనకు చెప్పలేదు.

జులై 11

చెప్పాను. దవాఖానలో సెలైన్ ఎక్కుతుండగా పాముచేప పులుసు అడిగింది. చిన్నప్పటి నుంచి చేపలమ్మే బిక్షమ్మ ఇంట్లో తినేది. నాకు అది పామే. ఏనాడూ ఇంట్లోకి రానివ్వలేదు. ఆ రోజు కూడా, ముందు జ్వరం తగ్గనియ్యి, ఆ పాముల ముచ్చట మళ్ల చూద్దాం అన్నాను. తెల్లారేసరికి లేదు.

మా ఆయన భీమయ్య అంతా విన్నాడు. నెలమాసికానికి వండు అన్నాడు.

జులై 24

కొత్తకోట మార్కెట్‌కు పోయాను. తొట్టిలో చెయ్యి పెట్టి నువ్వే చూసుకో అంది బిక్షమ్మ. జిగురు తేటగా ఉండాలట. పాలలా తెల్లగా ఉంటే పాడైనట్టు. పొట్ట పసుపుగా ఉండాలి, ముట్టగానే మెలి తిరగాలి. నేను నిలబడే ఉంటే నవ్వింది.

"నువ్వు పట్టకుంటే అది నీ ఇంటికెట్ల వస్తది వదినా? నీ బిడ్డయితే మెడకేసుకుంటుండె."

పట్టాను. దవాఖానలో ఆఖరున పట్టుకున్న బిడ్డ కాళ్లంత చల్లగా ఉంది.

ఇంట్లో బకెట్‌లో వేసి, మూత మీద బండ పెట్టాను. లోపల తిరుగుతూనే ఉంది. ఊరికే, వర్షితా అని పిలిచాను. ఆగింది. ఇంకోసారి పిలవలేదు.

జులై 25, పొద్దున 6

మూత మూసే ఉంది. బండ దాని మీదే ఉంది. చేప లేదు. అది వర్షిత మంచం కింద చుట్టుకుని ఉంది. నేల మీద ఎక్కడా తడి లేదు. నువ్వే పెట్టినవా అని ఆయన అడిగాడు. కాదంటే నమ్మలేదు.

11 గంటలు

బూడిద, రాళ్ల ఉప్పు వేసి రుద్దితే జిగురు వదిలింది. తలను చెక్క పలకకు మేకుతో కొట్టి, మెడ చుట్టూ గాటు పెట్టి, గుడ్డతో తోలు పట్టి లాగాను. సాక్స్ ఊడినట్టు ఊడింది. పేగులు తీసి, ముక్కలు కోసి, పసుపు మజ్జిగతో కడిగాను. ప్లేట్‌లో ముక్కలు ఇంకా కదులుతున్నాయి. తల నోరు తెరిచింది, మూసింది.

"వండుతున్న బిడ్డా, జర ఆగు" అన్నాను.

మెంతులు, ధనియాలు, ఎండుకొబ్బరి వేయించి నూరాను. చింతపండు పులుసు మరిగాక ముక్కలు వేశాను. గరిటె పెట్టొద్దు, గిన్నెనే తిప్పాలి. ఉప్పు చూద్దామని అరచేతిలో వేసుకుని నాకాను. అప్పుడు తెలిసింది ఏం చేశానో. పోయినవాళ్లకు పెట్టేది ముందు ఎవరూ రుచి చూడకూడదు. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి ఆగలేదు. నా బిడ్డ కూడు ఎంగిలి చేశాను. మళ్లీ వండుదామంటే ఇంకో చేప లేదు.

సాయంత్రం

ఈరోజు చెట్టు మీద కూడా కాకులు లేవు. విస్తరి ముందు కూర్చుని, మీ అమ్మ వండింది, రా బిడ్డా అని భీమయ్య పిలుస్తూనే ఉన్నాడు. ఎంగిలి సంగతి చెప్పలేకపోయాను.

జులై 26

మిగిలింది పారబోద్దామని గిన్నె తీశాను. నెల నుంచి లేని ఆకలి వేసింది. నిలబడే అంతా తిన్నాను. కడుక్కోబోతే కుడి చెయ్యి శుభ్రంగా ఉంది. పులుసు ఎడమ చేతికి ఉంది. వర్షిత అట్లనే తినేది. ఆ చెయ్యి మీద ఎన్ని దెబ్బలు కొట్టానో.

ఇది రాస్తున్నదీ ఆ చెయ్యే.