కిటికీ ఉన్న తాళంకప్ప

అన్నా,

నువ్వు పోయి ఏడాది తిరిగింది. శామీర్‌పేటలో పొద్దుటి నుంచి సన్నటి తుంపర. చెరువేదో మబ్బేదో తెలియకుండా కలిసిపోయాయి.

పక్కింటి సబీహా ఆపా వచ్చి, "చెల్లె, మీ అన్న లెక్క సరదాకు తాళాలు తెరుసుడు నేను గూడ నేర్సుకుంట. ముందుగాల ఏ పుస్తకం సదవాలె?" అంది.

మనది కాని తాళం ముట్టకూడదన్న నీ షరతు మొదట చెప్పాను. తర్వాత సుచిత్ర చౌరస్తా నెట్ సెంటర్‌లో నువ్వు అచ్చు తీయించిన కాగితాలు చూపించాను. బొమ్మలు బాగున్నాయి గాని, వాటితో వేళ్లకేం తెలుస్తుంది? తాళాలు తెరవడం నేర్పే నీ సీడీ పెట్టాను. అందులో మనిషి చిటికెలో తెరిచేస్తుంటే ఆపా ముఖం చిన్నబోయింది.

అప్పుడు నీ ఇత్తడి తాళంకప్ప తీశాను. లోపల ఏం జరుగుతుందో కనబడేలా పక్కన ఆకురాయితో అరగదీసి నువ్వు కిటికీ పెట్టినది. కొత్తవాళ్ల కోసం, తాళాన్ని లోపల పట్టి ఉంచే పిన్నులన్నీ తీసేసి ఒక్కటే ఉంచావు కదా.

నీ సన్నటి ఇనుప పుల్లలు రెండూ ఆమె చేతికిచ్చి, "మెల్లగ, ఆపా. బలం పెడితే బిగుసుకుంటది," అన్నాను. అది నీ మాటే.

కాసేపు చూసి, ఆమె కళ్లు మూసుకుంది. వాన చప్పుడులో చిన్నగా టక్కుమంది. పక్క గదిలో నువ్వు గొంతు సవరించుకున్నట్టే అయింది.

"తెరుసుకున్నది!" అని ఆపా సంబరపడుతుంటే, నేను కప్పను నొక్కి మళ్లీ వేసేశాను. "మల్ల ఎయ్యకపోతే రేపేం తెరుస్తవు?" అనేవాడివి నువ్వు.

రేపు రెండో పిన్ను వేస్తాను. ఈ ఇంట్లో ఏడాదిగా నేను తాళం వెయ్యనిది నీ గది ఒక్కటే.

నీ చెల్లెలు