జగిత్యాల రోడ్డు మీది బువ్వ

సిరిసిల్ల,
3-7-2011.

భాగ్యశ్రీ వాళ్ల బాపుకు సరోజన నమస్కారాలు.

ఇక్కడ నేను, భాగ్యశ్రీ బాగున్నాము. మస్కట్ ఎండలకు మీ ఒళ్లు ఎట్లా ఉందోనని రోజూ అనుకుంటాము. మెట్‌పల్లి తమ్ముడు మొహసిన్ అక్కడి నుంచి సెలవు మీద వచ్చి, మీ ఉత్తరమూ భాగ్యశ్రీకి మీరు పంపిన గడియారమూ ఇచ్చి పోయాడు. గురువారం తిరిగి వెళ్తాడట. ఈ జవాబు అతని చేతికే ఇస్తున్నాను. మొన్న ఫోన్లో మీరు అనవలసింది అన్నారు, నా వంతు వచ్చేసరికి లైను పోయింది. కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

ముందు మీరు అడిగినవి చెప్తాను. వంటింటి మీద రేకు మార్పించాను, మొన్నటి వానకు చుక్క కారలేదు. నా మోకాలు పర్వాలేదు. బంద్‌ల వల్ల కాలేజీ సరిగ్గా నడవకపోయినా భాగ్యశ్రీ పరీక్షలు బాగానే రాసింది. మీ గదిలోవాళ్లందరూ కలిసి గోడకు తెలంగాణ జెండా కట్టుకున్నామనీ, శుక్రవారాలు పాటలు పాడుకుంటున్నామనీ రాశారు. చదివి సంతోషపడ్డాము.

ఇక అసలు సంగతి. "నీ భార్య జగిత్యాల నడిరోడ్డు మీద కూసోని తిన్నది, మనోళ్లు సూసిండ్రు" అని మీ అన్న రాజేశం బావ మీకు ఫోన్ చేశాడన్నారు. ఎవరి పక్కన కూర్చున్నావు, ఎవరు వండారు, ఏం తిన్నావు, ఎందుకు తిన్నావు అని అడిగారు. కోరుట్ల పోయి బావకు తప్పయిందని చెప్పుకొమ్మన్నారు. ముందు అనుకున్నట్టే శ్రావణంలో మంచి రోజు చూసి ఈ ఇల్లు కిరాయికిచ్చి, బావ, సుశీలక్కల ఇంటి వెనక గదిలో ఉండమన్నారు. ఎదిగిన పిల్లతో ఆడమనిషి ఒంటరిగా ఉండడం మంచిది కాదన్నారు. మీ భయం నాకు అర్థమవుతుంది. అయినా జవాబు చెప్తాను. పొద్దుగూకితే ఖర్చు రాసుకునే అలవాటున్నదాన్ని కాబట్టి ఆ రోజు తిన్నవి కూడా వరుసగా రాస్తాను, ఒక్కటీ దాచను.

ఆ రోజు నేను బయలుదేరింది మీరిద్దరు అన్నదమ్ములు అనుకున్న పని మీదనే. కిరాయిదార్లకు ఇల్లు చూపించడానికి రెండో తాళంచెవి బావకు ఇచ్చి రావాలి. చెవి కొంగున ముడేసుకున్నాను. చందుర్తి మీదుగా కోరుట్ల పోయే బస్సు ఆ పొద్దు రాలేదు. జగిత్యాలలో మారవచ్చని ఆ బస్సు ఎక్కాను. జగిత్యాలలో దిగి కోరుట్ల బస్సులో కూర్చున్నానో లేదో, కండక్టరు యాదగిరి వచ్చి అందరినీ దిగమన్నాడు.

"అక్కా, బండి కదలది. ముంగట రోడ్డు మీద పొయ్యిలు వెట్టిండ్రు. ఇయ్యాల తెలంగాణ కోసం వంటావార్పు."

"నేను కోరుట్ల పోవాలె తమ్మీ. మా బావ ఎదురుసూస్తుంటడు."

"మీ బావను గూడ గీడికే రమ్మను. బువ్వ దొర్కుతది."

చేతిసంచి తీసుకొని బస్సు దిగాను. తర్వాత బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లోకి పోయి, ఒక్కదాన్నే బల్ల ముందు కూర్చొని చాయ్ చెప్పాను. మనం ఎప్పుడు ప్రయాణం చేసినా మీరు హోటల్లో తాగి, నాకు బస్సు కిటికీ దగ్గరికి తెచ్చి ఇచ్చేవారు. బస్సు కదులుతుందేమోనని నేను నాలుక కాల్చుకుంటూ తాగేదాన్ని. ఆ పొద్దు బస్సు కదిలేది లేదు. గాజు గ్లాసు, పైన మందంగా మీగడ, పక్కన ఉప్పు తీపి కలిసిన ఉస్మానియా బిస్కెట్టు. నెమ్మదిగా తాగి ఇంకొక చాయ్ చెప్పాను. రెండోది అవసరం లేదు. తాగాలనిపించింది.

బయట ఒకామె తాటిముంజలు అమ్ముతోంది. కాలం చివర కదా, కొంచెం ముదిరాయి. అయినా బొటనవేలు గుచ్చి, నీళ్లు మోచేతి మీదుగా కారుతుంటే అక్కడే నిలబడి తిన్నాను. బావ చెవిన ఇది పడినట్టు లేదు, నేనే చెప్తున్నాను.

అక్కడి నుంచి పొయ్యిల దగ్గరికి నడిచాను. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో వంట చేస్తున్నారు. ఒక్కొక్కటి ఒక్కో ఇంటి నుంచి తెచ్చినది, అన్నింటి మీదా పేర్లు కొట్టించి ఉన్నాయి. పేర్లు చదువుకుంటూ పోతుంటే, బీడీలు చేసే మొగిలవ్వ అనే ముసలామె నన్ను పట్టుకుంది.

"గట్ల నిలవడి సదివితే కడుపు నిండుతదా బిడ్డా? గా గంటె వట్టు, అడుగంటుతాంది."

గంటె పట్టాను. పక్క పొయ్యి మీద జరీనాబీ అనే ఆమె సొరకాయ వేసి దాల్చా చేస్తోంది. గిన్నెలో కొంచెం పోసి నా చేతికిచ్చింది.

"నమక్ సూడు వదినా. పొగకు నా నాలిక పన్జేస్తలేదు."

"ఉప్పు సరిపోయింది. చింతపులుసు ఇంకింత వడాలె."

"అచ్చా, సిరిసిల్లోల్లకు పులుపు ఎక్కువనా?"

"జగిత్యాలోల్లకు తక్కువ."

చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు. పులుసు పోశాక జరీనాబీ మళ్లీ రుచి చూసి, ఇంకో గిన్నె పోసుకుంది.

అన్నం కలుపుతూ మొగిలవ్వను అడిగాను, గంజు మీది పేరు ఆమెదేనా అని.

"నాదే. మా అవ్వ కొట్టిచ్చి ఇచ్చింది. కొడుకులు ఇల్లు పంచుకునేటప్పుడు గంజు గూడ అడిగిండ్రు. పేరు సూపిచ్చిన, ఊకున్నరు. నీ గంజేడున్నది?"

"కోరుట్లల, మా బావోల్ల అటుక మీద."

"నువ్వేడుంటవ్?"

"సిరిసిల్లల."

"గంజు ఓ కాడ, నువ్వో కాడనా?" అని, ముసలామె తన పనిలో పడిపోయింది. నా కొంగున తాళంచెవి ఉన్న సంగతి ఆమెకు తెలియదు.

అన్నం దింపే వేళకు పోలీసులు వచ్చారు. "ప్యాసింజర్లు పక్కకు జరగండి" అని మైకులో చెప్పారు. నేను ప్యాసింజర్‌నే. ఒక కానిస్టేబులు నా చేతిసంచి చూసి, "మీరు బస్సు కోసం అచ్చిండ్రు గదమ్మా, మీకెందుకిదంత, లేవుండ్రి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. "వడ్డించాలె సార్" అన్నాను. మనవాళ్లు చూసింది అప్పుడే అనుకుంటాను.

మోదుగాకు విస్తర్లలో వడ్డించాము. బగారన్నం, దాల్చా, కారం దట్టించిన మామిడికాయ తొక్కు. అన్నానికి కొంచెం పొగ వాసన తగిలింది, దాంతో రుచి పెరిగిందే గానీ తగ్గలేదు. ఒక పక్కన మొగిలవ్వ, ఇంకో పక్కన జరీనాబీ కూర్చున్నారు. వండింది ఎవరంటే మేమే, నేను కూడా. ఇంట్లో అందరి తిండీ అయ్యాక, చల్లారినది తినడం నాకు అలవాటు. అక్కడ మొగిలవ్వ నన్ను ముందు కూర్చోబెట్టి వేడివేడిగా వడ్డించింది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. తర్వాత గౌండ్లాయన తాటికల్లు తెచ్చి పోశాడు. "నేను అటు దిక్కు సూస్త, నువ్ తాగు వదినా" అని జరీనాబీ నిజంగానే తల తిప్పుకుంది. తాగాను. చల్లగా, తియ్యగా ఉంది.

మీరు అడిగిన మూడింటికి జవాబు వచ్చింది. ఎందుకు తిన్నావన్నది మిగిలింది. ఆకలై తిన్నానని రాస్తే మీరు ఒప్పుకునేవారు. ఆకలికి చాయ్, ముంజలు సరిపోయేవి. అక్కడివాళ్లు అడుగుతున్నది మా ఇల్లు మేమే నడుపుకుంటామనే కదా. మీ గది గోడకు జెండా కట్టి మీరు అడుగుతున్నదీ అదే. మీరు అడిగితే ఉద్యమం, నేను అడిగితే బావకు క్షమాపణ చెప్పుకోవాలా?

ఇంకొక మాట ఉంది. రాయాలా వద్దా అని ఇంతదాకా ఆగాను. ఆ సాయంత్రం బస్సులు దొరకలేదు, అందుకే కోరుట్లకు రాలేకపోయానని బావకు చెప్పాను. మీరూ అదే నమ్మి, పాపం చిక్కుకుపోయింది అనుకుని, తిన్నందుకు మాత్రమే కోపగించుకున్నారు. పొద్దుగూకే ముందు రోడ్డు తెరిచారు. అందరికంటే ముందు కదిలింది కోరుట్ల బస్సే. "అక్కా, కోరుట్ల, ఎక్కు ఎక్కు" అని యాదగిరి తలుపు పట్టుకొని పిలిచాడు. లోపల సీటు కూడా ఉంది.

"నువ్వు పో తమ్మీ, నేను అస్తలేను" అన్నాను.

ఆ బస్సు పోయేదాకా చూసి, సిరిసిల్ల బస్సు కోసం నిలబడ్డాను. ఇంటికి వచ్చి ఆ తాళంచెవితోనే తలుపు తీశాను. కాబట్టి నేను ఎక్కడా చిక్కుకుపోలేదు. బావతో అబద్ధం చెప్పినందుకు తప్పయిందని ఆయనతోనే అంటాను. తిన్నందుకు అనను, ఇల్లు వదలనందుకు అనను. ఈ ఇల్లు కిరాయికి లేదు. భాగ్యశ్రీ చదువు ఇక్కడ ఉంది, నా బతుకు ఇక్కడ ఉంది, మీరు వచ్చి కాళ్లు చాపుకునే చోటు కూడా ఇదే. ఆ వెనక గదిలో సుశీలక్కను పల్లీలు పోసుకొమ్మనండి.

వచ్చే ఆదివారం మన బజారు ఆడవాళ్లం ఇక్కడి రోడ్డు మీద వంటావార్పు పెడుతున్నాము. పెద్ద గంజు కావాలి. మా అవ్వ పెండ్లికి ఇచ్చిన ఇత్తడిది, ఇక్కడి ఇల్లు చిన్నదని మీరు కోరుట్ల అటుక మీద పెట్టించారు గదా, దాని మీద నా పేరు ఉంది. శనివారం పోయి దింపించుకొని వస్తాను. బావతో మర్యాదగానే మాట్లాడతాను. తాళంచెవి భాగ్యశ్రీ దగ్గర పెట్టి పోతాను. వచ్చేటప్పుడు జగిత్యాలలో దిగుతాను, బస్సులు నడిచినా సరే. ఆ హోటల్లో కూర్చొని రెండు చాయ్‌లు తాగి వస్తాను.

మందులు మానకండి. ఎండలో పని చేసేటప్పుడు తలకు తడిగుడ్డ కట్టుకోండి.

ఇట్లు,
సిరిసిల్ల ఇంట్లోనే ఉండే మీ భార్య
సరోజన